పడుగు మీదుగా దగ్గరి దారి

"దారి అందరిదీ కదా గురువుగారూ? దగ్గరి దారి ఉందని తెలిసీ చూపించకపోతే అది మోసం కాదా?" అని శశిధర్ అడిగాడు. ఫోన్లలో దారి చూపించే మ్యాపులు తయారుచేసే కంపెనీలో, హైదరాబాదులో, అతనికి ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా మా గురువు ఈశ్వరలింగం గారి దగ్గరికి వస్తాడు. మా నేతవీధి మొదట్లో 'ఈ వీధివారి బండ్లకు మాత్రమే' అని మునిసిపాలిటీ వాళ్లు పాతిన బోర్డు అతనికి నచ్చలేదు. ఇలాంటి బోర్డులన్నీ చూసుకుంటూ కూర్చుంటే ఇక మ్యాపెందుకని అతని వాదన.

గురువుగారు వాదించే మనిషి కాదు. "రేపు పొద్దున ఆదెమ్మ పడుగుకి గంజి పెడుతుంది. మొగుడు మంచాన పడ్డాడు, ఒక చెయ్యి తక్కువైంది. వెళ్లి సాయం పట్టు" అన్నారు. తోడుగా నన్నూ వెళ్లమన్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చీర నేసే ముందు నిలువు పోగులన్నీ బారుగా సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఆ పోగుల వరసే పడుగు. తడి ఆరేలోగా దువ్వడం పూర్తి కాకపోతే పోగులు ఒకదానికొకటి అంటుకుపోయి ఎందుకూ పనికిరావు. అంత పొడుగు చోటు ఎవరింట్లో ఉంటుంది? అందుకే తాతల నాటినుంచీ పొద్దుటిపూట మా వీధే మా పనిచోటు. ఆదెమ్మ ఇంట్లో రెండు నెలల తిండీ, మొగుడి మందులూ ఆ రోజు ఆ పడుగు మీదే ఉన్నాయి.

గంజి సగం పట్టించామో లేదో ఒక కారు వచ్చి ఆగింది. పెద్దరోడ్డు మీద లారీ అడ్డంగా పడిపోయిందట. వెనక సీట్లో నొప్పులు పడుతున్న అమ్మాయి. కాన్పుకి వెళ్లే మనిషికీ, పాడెకీ పడుగు జరపడం మా వీధి ఆచారం. ఎవరూ పిలవకుండానే రెండు వైపుల ఇళ్లలోంచీ జనం వచ్చారు. తడి పడుగుని అలాగే ఎత్తి అరుగుల పక్కకి జరిపి పట్టుకున్నారు. కారు వెళ్లిపోయింది. "సుఖంగా కను తల్లీ" అంది ఆదెమ్మ. పడుగు మళ్లీ కట్టుకుని కుంచె అందుకుంది.

ఆ కారుకి దారివ్వడమే మేం చేసిన తప్పు. కాసేపటికి వీధి మొదట్లో హారన్లు మొదలయ్యాయి. చూస్తే బారులు తీరిన కార్లు. శశిధర్ ఫోను తీసి మ్యాపు చూశాడు. "ఆ కారులోని ఫోను ఇటు సాఫీగా వెళ్లినట్టు మ్యాపుకి తెలిసిపోయింది, ఇంక మ్యాపు అందరికీ ఇదే దారి చెబుతుంది" అన్నాడు నాతో, నెమ్మదిగా.

ముందు కారులోంచి ఒకాయన దిగాడు. "ఇందాక ఆ కారుకి జరిపారుగా? మేం మనుషులం కామా?"

"ఆ పిల్ల నొప్పులు పడుతోంది బాబూ. ఈ తడి ఆరేదాకా ఆగండి, మీకు దణ్ణం పెడతాను" అంది ఆదెమ్మ.

శశిధర్ కారుకి అడ్డంగా నిలబడ్డాడు. "మొదట్లో బోర్డుంది, చూడలేదా?" అని అడిగాడు.

"బోర్డులెవడు చూస్తాడండీ" అని ఆయన ఫోను శశిధర్ మొహానికి దగ్గరగా పెట్టాడు. "మ్యాపు చూపిస్తోంది, వస్తున్నాం. నెమ్మదిగానే పోనిస్తాలెండి."

నెమ్మదిగానే పోనిచ్చాడు, మహానుభావుడు! కారు మీదికి వస్తుంటే శశిధర్ పక్కకి తప్పుకోక తప్పలేదు. మేం పడుగు ఎత్తేలోపే అది కారు అద్దానికి తగులుకుని నడిమికి తెగింది. వెనకవాళ్లంతా ఆ పోగులు తొక్కుకుంటూనే పోయారు. ఒక్కడు దిగలేదు, ఒక్కడి నోటినుంచి అయ్యో అన్న మాట రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతోంది. అందరూ చదువుకున్నవాళ్లే, అందరూ ఇళ్లలో ఆడవాళ్లున్నవాళ్లే.

గురువుగారు వచ్చేసరికి శశిధర్ దుమ్ములో కూర్చుని గంజి చేతులతో పోగులు ఏరుతున్నాడు. అవి అతికేవి కావని అతనికి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆదెమ్మ ఏడవలేదు. "సామీ, వీధికి అడ్డంగా బండలు వేయిస్తున్నాం. ఇకమీదట నొప్పులు పడుతూ ఎవరొచ్చినా సరే, నా పడుగు జరపను. జరిపినందుకే కదా ఇదంతా" అంది.

వద్దని ఒక్కరూ అనలేదు. పడుగు ఎత్తడానికి పరిగెత్తుకొచ్చినవాళ్లే బండలు తేవడానికి వెళ్లారు.

"గురువుగారూ, రేపే ఆఫీసులో చెప్పి ఈ వీధిని మ్యాపులోంచి తీయిస్తాను" అన్నాడు శశిధర్.

గురువుగారికి కోపం రావడం నేను ఆ రోజే చూశాను.

"తీయించు" అన్నారు. "ఆదెమ్మ ఇప్పుడన్న మాటని ఎవరిచేత తీయిస్తావు?"