మా కపిల

బ్లాగులు బాగా నడిచిన రోజుల్లో గుట్ట కింద జంతువులకూ ఒకటి ఉండేది. ఎవరేం రాసినా పైన పెద్ద బొమ్మ ఎంచి పెట్టే పని నక్కది.

ఒకరోజు ముసలి ఎద్దు మైలోడు, కాకి చేత రాయించిన వ్యాసం తెచ్చాడు. పేరు 'మా కపిల'. కపిల తోలిన కాలం గురించి, అంటే ఎద్దులు తోలు బానతో బావి నీళ్లు తోడిన రోజుల గురించి. తనూ, జోడెద్దు కర్రోడూ కాడి కింద వాలు దారి దిగుతుంటే బాన పైకొచ్చేది. గిలక కిర్రుమనేది. మోటారు వచ్చాక కర్రోణ్ణి సంతలో అమ్మేశారు. ఎక్కడున్నాడో తెలియదు.

"అల్లుడూ, మా వాలు దారి బొమ్మే పెట్టు. కర్రోడికి చదువు రాదు. బొమ్మ చూసే గుర్తుపట్టాలి."

"మట్టి దారి ఎవడు చూస్తాడు పెద్దాయనా? నాకొదిలెయ్."

నక్క వ్యాసం చదవలేదు. పేరు చూసి వెతికింది. గోధుమవన్నె కపిల ఆవు దొరికింది, మెడలో మువ్వలు, నుదుట కుంకుమ. పెట్టేసింది.

కింద వ్యాఖ్యలే వ్యాఖ్యలు. "పిల్లది ఏ ఊరు?" "పెద్దలెవరు?" "మాట్లాడ్డానికి ఎప్పుడు రమ్మంటారు?"

"చూశావా జనాన్ని!" అంది నక్క.

"చూశాను. అందులో కర్రోడు లేడు."

తెల్లారేసరికి కోడెల మంద నక్క బొరియ ముందు నిలబడింది. "పిల్లను చూపించు!"

"పెద్దాయనా, నువ్వైనా చెప్పు! కపిలంటే తోలు బానట కదా!" అని అక్కడికొచ్చిన మైలోడి వైపు తిరిగింది నక్క.

మైలోడు తాపీగా నెమరు వేశాడు. "వ్యాసం నాది. బొమ్మ నీది. పిల్లను చూపించాల్సిందీ నువ్వే."

నక్క గుట్ట దాటేదాకా కోడెలు తరిమాయి.

ఆ మధ్యాహ్నం కాకి బావి దగ్గరికెళ్లి ఫొటో తీసింది. గడ్డి మొలిచిన దారి, గిట్టలు తొక్కి తొక్కి పడిన గుంటలు. మైలోడు దాన్నే పైన పెట్టించాడు.

చూసినవాళ్లు తక్కువ. వ్యాఖ్య ఒక్కటే వచ్చింది:

"పక్కింటి మేక చేత రాయిస్తున్నా. దాపట, నేను నడిచిన ఎడమ పక్కనే గుంటలు లోతుగా ఉన్నాయి చూశావా? బరువంతా నా మీదే వేసేవాడివి, దొంగా!"

మైలోడు దాన్ని కాకి చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు.

నీతి: బొమ్మ పెట్టే ముందు వ్యాసం చదవాలి.