కంబళి కప్పిన గంగాళం

అనగనగా కందులపాలెం అని ఒక ఊరు. ఆ ఊళ్ళో రత్నాలమ్మ అని ఒక వంటావిడ ఉండేది. కార్తీకమాసం వనభోజనాలకి ఊరందరికీ అన్నం వండేది ఆవిడే. తెల్లారేసరికి వండేసి, పొగలు కక్కే అన్నాన్ని గంగాళంలోకి కుక్కి, మూతపెట్టి, చల్లారకుండా పైన కంబళి కప్పేది. అప్పుడు గంగాళం బండెక్కి ఉసిరి తోటకి పోయేది. ఆటలూ పాటలూ అయ్యాక మధ్యాహ్నం భోజనాలు.

ఒక ఏడాది ఏమైందంటే, తిని ఇళ్ళకి చేరారో లేదో, అందరికీ వాంతులు! దిష్టి తగిలిందన్నారు. గంగాళానికి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు.

ఆ తర్వాతి ఏడాదీ వాంతులే. కళాయి పోయిందన్నారు. కొత్త కళాయి వేయిస్తే గంగాళం అద్దంలా మెరిసింది.

మూడో ఏడాది ఊరిపెద్ద గవర్రాజు వచ్చాడు. "రత్నాలమ్మా, ఈసారి కూడా కక్కించావో, వంట పక్క ఊరివాళ్ళకి ఇచ్చేస్తాం" అన్నాడు. పాపం, రత్నాలమ్మ పొయ్యి దగ్గర కూలబడి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు కోడలు కాసులు వచ్చి పక్కన కూర్చుంది. "అత్తయ్యా, ఉపవాసమని అరటిపళ్ళు తిన్న ముసలమ్మలకి రెండేళ్ళూ ఏమీ కాలేదు. తంటా అన్నంలోనే ఉంది."

"నా అన్నానికే వంక పెడతావుటే!"

"వండడంలో కాదు, దాచడంలో. ఆసుపత్రి నర్సమ్మని అడిగొచ్చాను."

నర్సమ్మ ఏం చెప్పిందంటే, బియ్యంలో కంటికి కనపడని క్రిమి ఒకటి గట్టి గుల్లలో ముడుచుకుని నిద్రపోతుందట. ఉడికితే చచ్చిపోదా అంటావా? చావదు బుజ్జీ, ఆ గుల్ల అంత గట్టిది. అన్నం గోరువెచ్చగా అవగానే నిద్ర లేస్తుంది. కంబళి కింద దానికి హాయి. అరగంటకోసారి ఒకటి రెండవుతుంది. విషం కక్కుతుంది. మళ్ళీ కాచినా ఆ విషం పోదు.

కాసులు నేలమీద చింతగింజలు పేర్చింది. "ఆరింటికి ఒకటి. ఆరున్నరకి రెండు. ఏడింటికి నాలుగు." తొమ్మిదిన్నర దగ్గరికొచ్చేసరికి గిన్నెలో గింజలే అయిపోయాయి! "పదకొండింటికి వెయ్యిన్నీ ఇరవైనాలుగు, అత్తయ్యా!"

రత్నాలమ్మ లేచి కంబళి మడిచి అవతల పెట్టేసింది.

ఆ తర్వాత ఏం చేశారు? బియ్యమే బండెక్కించారు. తోటలోనే పొయ్యి పెట్టారు. గవర్రాజు రుసరుసలాడాడు. "ఆకు ముందు కూర్చోబెట్టి ఆకలితో చంపుతారా!"

"ఊరికే కూర్చోకపోతే ఆ పుల్లలు ఎగదోయరాదూ, గవర్రాజుగారూ?" అంది రత్నాలమ్మ.

ఊరిపెద్ద వంగి పొయ్యి ఊదాడు. మీసాల నిండా బూడిద! ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. అప్పుడు అన్నం దిగింది, పొగలు కక్కుతూ తిన్నగా ఆకుల్లోకి వచ్చింది.

సాయంత్రం కాసులు ఇల్లిల్లూ తిరిగి అడిగింది. తిన్నది డెబ్బైరెండు మంది, వాంతులు సున్నా. ఒక్క గవర్రాజు మాత్రం అరుగుమీద పొట్ట పట్టుకుని మూలుగుతున్నాడు. కాసులు కంగారుగా దగ్గరికి పరుగెత్తింది. ఎందుకు మూలుగుతున్నాడో తెలుసా? ఆరుసార్లు మారు వడ్డించుకున్నాడట!

"మీ అత్తగారితో చెప్పమ్మా, వచ్చే ఏడాది కూడా ఆవిడే వండాలి" అన్నాడు, మూలుగుతూనే.

కథ కంచి దారి పట్టింది,
కంటికి కునుకు పట్టింది,
కడుపు చల్లగా ఉందంది,
కన్నా, ఇక పడుకోమంది.