బోర్లించిన గంపలు

అనగా అనగా, నదులు తమకు నచ్చిన దారిన పారుతుండే రోజుల్లో, ఒక నది ఒడ్డున మణిరేవు అనే ఊరు ఉండేది. ఆ ఊళ్లో నాగిశెట్టి అనే కుంకుమ వ్యాపారి ఉండేవాడు.

మొదట్లో అతనికి కొట్టు లేదు. ఒక బండి, రెండు ఎడ్లు, ఎడ్ల మెడలో ఇత్తడి గంటలు, అంతే. ఆ గంటలు వినపడితే చాలు, పల్లెల్లో ఆడవాళ్లు భరిణెలు పట్టుకుని వాకిళ్లలోకి వచ్చేవారు.

ఒక ఏడు నదికి పుష్కరాలు వచ్చాయి. జనం పడవలు దిగి, రేవు వీధి మీదుగా గుడికి వెళ్లేవారు. కుంకుమ కొనకుండా వెళ్లినవాళ్లు లేరు. నాగిశెట్టికి కళ్లు నెత్తికెక్కాయి. రేవు వీధిలో దేచమ్మ అనే పెద్దావిడకు విశాలమైన కొట్టు ఉంటే, దాన్ని అద్దెకు అడిగాడు.

“మూడేళ్లకు రాసుకుందాం శెట్టీ. ఆ తర్వాత చూద్దాం” అంది దేచమ్మ.

“మూడేళ్లేమిటమ్మా! మళ్లీ పుష్కరాలు వచ్చేదాకా రాయించండి. పన్నెండేళ్లు!” అన్నాడు నాగిశెట్టి, వీధిలో నలుగురూ వినేలా.

తాటాకు మీద పత్రం రాశారు. అమ్మకం ఉన్నా లేకున్నా ప్రతి పున్నమికీ అద్దె ఇవ్వాలి. ఇవ్వలేకపోతే బండీ, ఎడ్లూ దేచమ్మవి. ఇంటికొచ్చాక భార్య లింగమ్మ అడిగింది: “ఏమండీ, ఎడ్లను కూడా రాసిచ్చారా?”

“రాసిస్తే పోతాయా ఏమిటి!” అని నవ్వేశాడు.

పుష్కరాలు పన్నెండు రోజులే కదా పిల్లలూ! జనం ఎక్కడివాళ్లు అక్కడికి వెళ్లిపోయారు. ఆ పై వానాకాలంలో నది ఇసుక మేట వేసింది. పడవలు ఆగడానికి వీల్లేక, కోసు దూరంలో కొత్త రేవు కట్టారు. ఇక రేవు వీధికి వచ్చే పని ఎవరికీ లేకపోయింది.

నాగిశెట్టి కొట్లో మూడు పెద్ద గంపలు ఉండేవి. ఒకదానిలో కుంకుమ, ఒకదానిలో పసుపు, ఒకదానిలో గంధప్పొడి. ముందుగా కుంకుమ గంప అడుగంటింది. కొత్త సరుకు తేవడానికి చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా అద్దెకే పోయింది. అప్పుడతను ఏం చేశాడో తెలుసా? గంపను బోర్లించాడు. దానిమీద గుడ్డ పరిచి, మిగిలిన పిడికెడు కుంకుమనూ పలచగా చల్లాడు. వీధిలోంచి చూస్తే కొండంత రాశి! లోపల మాత్రం చీకటి.

శుక్రవారం నాడు గుడికి వెళ్తూ దేచమ్మ వీధిలోనే ఆగింది. “ఏం శెట్టీ, వ్యాపారం ఎలా ఉంది?”

“మీ దయవల్ల బ్రహ్మాండంగా ఉందమ్మా!”

ఆవిడ రాశిని చూసి సంతోషించి వెళ్లిపోయింది. గంప కిందనుంచి ఒక చిట్టెలుక తల బయటపెట్టింది.

“శెట్టిగారూ, ఇల్లు చల్లగా ఉంది. నేనిక్కడే ఉండిపోతాను. అద్దె పత్రం ఏమైనా రాసుకోవాలా?”

“నోరు మూసుకో!” అన్నాడు నాగిశెట్టి. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

తర్వాతి పున్నమికి ఎడ్ల గంటలు అమ్మి అద్దె కట్టాడు. పసుపు గంప కూడా బోర్లించాడు. దేచమ్మ వచ్చింది, అదే మాట అడిగింది, అదే జవాబు విన్నది. చిట్టెలుకకు రెండో గది దొరికింది.

ఆ పై పున్నమికి లింగమ్మ పెళ్లినాటి ఇత్తడి బిందె పోయింది. పక్కింటివాళ్ల మట్టికుండ అడిగి తెచ్చుకుని నీళ్లకు వెళ్లింది. వీధిలో ఆమె ఎదురైతే నాగిశెట్టి తల తిప్పుకున్నాడు. సొంత భార్యను చూడలేనంత సిగ్గు వేసింది అతనికి. అయినా ఆ సాయంత్రమే గంధం గంపనూ బోర్లించాడు.

మరుసటి పున్నమికి ఇక ఎడ్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకా మూడు రోజుల గడువుంది.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే కొట్టు ముందు పల్లకీ ఆగింది. పొరుగూరి దొరగారి ఇల్లాలు దిగింది. ఇంట్లో పెళ్లట.

“ఎంత నిండైన రాశి! మొత్తం ఇచ్చెయ్యి శెట్టీ. పసుపూ, గంధం కూడా” అంది.

నాగిశెట్టి గబుక్కున రాశికి అడ్డంగా నిలబడ్డాడు. చేట పెట్టి తీస్తే గంప అడుగు తగులుతుంది! చెమటలు కారాయి.

“అది... అది అమ్మకానికి కాదమ్మా” అన్నాడు.

“కొట్లో పెట్టుకుని అమ్మకానికి కాదంటావేమయ్యా?” అని విసుక్కుంటూ ఆమె వెళ్లిపోయింది.

నాగిశెట్టి అక్కడే చతికిలబడ్డాడు. చిట్టెలుక మెల్లగా బయటికి వచ్చింది. ఈసారి ఎగతాళి చేయలేదు.

“శెట్టిగారూ, నేను ఎలుకను. నా ఇల్లు చెదరకూడదని వచ్చిన బేరాన్ని వెనక్కి పంపారు. మీ ఇంటి సంగతేమిటి మరి?”

ఆ మాట అతనికి గుచ్చుకుంది. అరచేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, లేచి తిన్నగా దేచమ్మ ఇంటికి నడిచాడు. దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగాడు. మూడుసార్లూ మళ్లీ ముందుకే నడిచాడు.

“అమ్మా, ఒక్కసారి కొట్టుకు రండి. వీధిలోంచి కాదు, లోపలికి రండి” అన్నాడు.

ఆవిడ వచ్చింది. ఆవిడ కళ్లముందే నాగిశెట్టి తన చేతులతో ఒక్కొక్క గంపనూ ఎత్తాడు. కుంకుమ అంతా నేలపాలైంది. ఎర్రగా మారిన చిట్టెలుక మధ్యలో కూర్చుని చూస్తోంది.

దేచమ్మ నవ్వలేదు. గడప మీద కూలబడింది.

“ఎంత పని చేశావు శెట్టీ! సగం కొట్టు ఇప్పించమని ఈ మూడు నెలల్లో ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. మొదట పూల వ్యాపారి. తర్వాత నూనె వ్యాపారి. నిన్న అద్దాల కామయ్య. మా శెట్టి రాశులకే ఆ చోటు చాలడం లేదని, గొప్పగా చెప్పి అందరినీ పంపేశాను!”

నాగిశెట్టికి భూమి చీలితే బాగుండుననిపించింది. తనను కాపాడే తలుపు మూడుసార్లు తెరుచుకుంది. మూడుసార్లూ తన గంపలే దాన్ని మూసేశాయి.

“తప్పు నాదేనమ్మా. ఎడ్లను తీసుకెళ్లండి” అన్నాడు తల వంచుకుని.

దేచమ్మ తల అడ్డంగా ఊపింది. “నాదీ కొంత తప్పుంది. వారం వారం అడిగాను గానీ, ఒక్కనాడూ గడప దాటి చూడలేదు. నీ ఎడ్లను కొట్లో కట్టేసుకుని నేనేం చేసుకోను? నాకు కావలసింది కొట్టు నడవడం. పత్రం చింపను, తిరగరాస్తాను. సగం నీకు, సగం కామయ్యకు. అతను ఇంకా సత్రంలోనే ఉన్నాడు, రేపు వెళ్లిపోతాడు. కానీ అతనికి నేను చెప్పను. నీ నోటితో నువ్వే చెప్పాలి.”

సత్రంలో పది మంది అన్నం తింటున్నారు. వాళ్లందరి ముందూ నాగిశెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “నా కొట్లో సరుకు లేదు. మూడు నెలలుగా ఖాళీ గంపలు చూపించి ఊరిని మోసం చేశాను. సగం చోటు ఉంది, మీకు కావాలా?” అన్నాడు. కొందరు నవ్వారు. కామయ్య నవ్వలేదు.

“మొత్తం కొట్టు తీసుకునే ధైర్యం నాకు లేదు. అందుకే సగం అడిగాను” అన్నాడు.

అలా ఎడ్లు దక్కాయి. కామయ్య తన వాటా అద్దె కొన్ని నెలలకు ముందుగానే ఇచ్చాడు. అందులో ఆ పున్నమి అద్దె పోగా, మిగిలిన దానితో కొంచెం కొత్త కుంకుమ వచ్చింది. లింగమ్మ అద్దాల పక్కన కూర్చుని కొట్టు చూసుకుంది. చిట్టెలుక అద్దంలో తన ఎర్రటి ముఖం చూసి జడుసుకుని పారిపోయిందట.

నాగిశెట్టి బండి కట్టుకుని కొత్త రేవుకు వెళ్లాడు. పోయినవన్నీ తిరిగి రాలేదు. దొరగారి ఇంటి బేరం రాలేదు. ఎడ్ల గంటలూ రాలేదు. గంటలు లేవు కాబట్టి, తానే గొంతెత్తి “కుంకుమమ్మా, కుంకుమ!” అని వీధి వీధినా కేకేయవలసి వచ్చింది. ఒక్క నిజం చెప్పడానికి మూడు నెలల పాటు నోరు తెరవనివాడు, ఇప్పుడు రోజంతా నోరు తెరిచే బతుకుతున్నాడు. ఎవరైనా గంప వైపు అనుమానంగా చూస్తే, కోప్పడకుండా మోచేతి దాకా చెయ్యి దింపి అడుగునుంచి పిడికెడు తీసి చూపించేవాడు.

కాబట్టి పిల్లలూ, కష్టాన్ని దాచడానికి పడే పాట్లలో సగం, నోరు తెరిచి చెప్పుకోవడానికి పడితే చాలు. సిగ్గు ఒక్కరోజులో తీరుతుంది, సాయం దారి తెలుసుకుని వస్తుంది.