కట్టెలవాడి బట్టలు కట్టిన రాజు

అనగనగా, సముద్రాలకు అవతల యవనుల దేశంలో ఏథెన్సు అని ఒక ఊరు. ఆ ఊరికి కోద్రుడని ఒక రాజు. నోరు తిరగడం లేదా? నాకూ మొదట్లో తిరగలేదులే. మనిషి మాత్రం ఎంత మంచివాడో. దారిలో ముసలివాళ్ళు ఎదురైతే గుర్రం దిగి పక్కకు నిలబడేవాడట.

ఒక ఏడు పొరుగు రాజు పెద్ద సైన్యంతో వచ్చి కోట చుట్టూ దిగాడు. బయట పొలాలన్నీ వాళ్ళ చేతుల్లోకి పోయాయి. లోపల గాదెలు ఖాళీ అవుతున్నాయి. పిల్లలకు ఒక్క రొట్టెను నాలుగు ముక్కలు చేసి పెడుతున్నారు. అది చూశాక కోద్రుడికి ముద్ద గొంతు దిగేది కాదు.

అప్పుడు కోద్రుడు కిరీటం పెట్టుకుని, గుర్రమెక్కి యుద్ధానికి వెళ్ళాడు. చిత్రమేమిటంటే, శత్రువులు ఆయన మీద కత్తి ఎత్తలేదు. పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన వెనక వచ్చినవాళ్ళను మాత్రం నరికారు.

రెండో రోజు మళ్ళీ వెళ్ళాడు. శత్రు సేనాపతికి ఎదురుగా నిలబడి, "రా, నాతో తలపడు" అన్నాడు. ఆ సేనాపతి కత్తి ఒరలో పెట్టి, తల వంచి, వెనక్కి వెళ్ళిపోయాడు. కోద్రుడికి ఏమీ అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం కొండ మీది గుడి నుంచి ఒక పూజారి చాటుగా వచ్చి రాజుకూ ఊరి పెద్దలకూ అసలు సంగతి చెప్పాడు. ఆ గుళ్ళో దేవుడు జరగబోయేది పలుకుతాడట. యుద్ధానికి బయల్దేరే ముందు పొరుగు రాజు వెళ్ళి, గెలుస్తానా అని అడిగాడట. "ఏథెన్సు రాజు ప్రాణం నీవాళ్ళ చేతిలో పోనంతవరకు గెలుపు నీదే" అని దేవుడు పలికాడట. అందుకే కోద్రుడి ఒంటి మీద గీత కూడా పడకూడదని సైన్యానికంతా ఆజ్ఞ.

"అయితే ఊరి గెలుపుకు అడ్డం నా ఒక్కడి ప్రాణమేనన్నమాట" అన్నాడు కోద్రుడు. భయం వెయ్యలేదా అంటావా? వేసే ఉంటుంది నాన్నా. ఆయనా మనిషే కదా.

మూడో రోజు తెల్లారగానే మెలిత్త అనే ఒక అవ్వ గుడిసెకు వెళ్ళాడు. అవ్వ మొగుడు కట్టెలు కొట్టి బతికినవాడు, కిందటేడే పోయాడు. "అవ్వా, తాత బట్టలు ఒక జత ఇస్తావా?" అని అడిగాడు. ఆయన ముఖం చూసి, అవ్వకు ఎందుకని అడగబుద్ధి కాలేదు. పెట్టెలోంచి తీసి ఇచ్చింది.

కోద్రుడు ఆ ముతక బట్టలు కట్టుకుని నిలబడ్డాడు. అవ్వ పెదవి విరిచింది. "బట్ట మారితే చాలా దొరా? ఆ చేతులు చూడు, ఎన్నడైనా గొడ్డలి పట్టాయా?" అని బూడిదా మట్టీ కలిపి చేతులకు, ముఖానికి రుద్దింది. అప్పుడు నడిచి చూపించమంది. "ఊహూ, రాజులాగే నడుస్తున్నావు. కట్టెలు మోసేవాడు ఆకాశం చూడడయ్యా, కాలి కింద ముల్లు చూసుకుంటాడు" అంది. మూడుసార్లు నడిపించింది. మూడోసారికి అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అచ్చం తన ముసలాడు నడుస్తున్నట్టే ఉంది.

కోద్రుడు అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. వెళ్ళొస్తానని మాత్రం అనలేదు.

కొడవలి పట్టుకుని శత్రువుల గుడారాల దగ్గరికి పోయి పుల్లలు ఏరసాగాడు. ఇద్దరు సైనికులు వచ్చారు. "ఎవడ్రా నువ్వు? అవి అక్కడ పడేసి పో" అన్నారు. "ఇవి మా ఊరి కట్టెలు" అన్నాడు కోద్రుడు. ఒకడు మోపును కాలితో తన్నాడు. కోద్రుడు కొడవలితో వాడి భుజం మీద కొట్టాడు. రెండోవాడు కత్తి దూశాడు. ఎవడో కట్టెలవాడు చచ్చాడనుకుని ఇద్దరూ తమ దారిన పోయారు.

ఇక్కడ అవ్వకు మనసు ఆగలేదు. పెద్దల దగ్గరికి పోయి జరిగింది చెప్పింది. పూజారి చెప్పిన మాట పెద్దలకు తెలుసు కాబట్టి వాళ్ళకు వెంటనే అర్థమైంది. అందరూ కలిసి పొరుగు రాజు దగ్గరికి వెళ్ళి, "మా రాజు శరీరం మాకు ఇప్పించండి" అన్నారు. అతను నవ్వాడు. "మీ రాజును మావాళ్ళు తాకనైనా లేదే" అన్నాడు.

అవ్వ గుడారాల పక్కన చెదిరిన కట్టెల మధ్య పడి ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కొంగు తడిపి ముఖం తుడిచింది. బూడిదంతా పోయేసరికి కోద్రుడి ముఖం బయటపడింది.

అవ్వ వెనకే వచ్చిన పొరుగు రాజు గుర్రం దిగాడు. కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఇటువంటి రాజున్న ఊరి మీదికా మనం వచ్చింది?" అన్నాడతను. దేవుడు పలికినట్టు ఇక గెలుపు తమది కాదని తెలిసి, పొద్దు వాలేలోపు గుడారాలు పీక్కుని వెళ్ళిపోయారు. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ తర్వాత పెద్దలు కోద్రుడి కొడుకును సింహాసనం దగ్గరికి తీసుకొచ్చారు. అతను దాన్ని తాకి, చెయ్యి కళ్ళకు అద్దుకున్నాడు. "ఊరి పనులు ఎన్ని చెప్పినా చేస్తాను. దీని మీద మాత్రం కూర్చోలేను" అన్నాడు. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆనాటి నుంచీ ఆ ఊళ్ళో ఇంకెవరినీ రాజని పిలవలేదు. మనుషులు దొరక్క కాదు నాన్నా. కోద్రుణ్ణి రాజా అని పిలిచాక, ఇంకొకరిని ఆ మాటతో పిలవడానికి వాళ్ళకు నోరు రాలేదు.

కథ వెళ్ళింది కంచికి,
కునుకు వచ్చింది కంటికి.