రాజుగారి జవ్వాది

ఒకానొక కొండకోట రాజ్యంలో గజాంకుశుడనే రాజు ఉండేవాడు. ఆయన పూసుకునే జవ్వాది వాసన ఇంకెవరి దగ్గర వచ్చినా దేశబహిష్కారమే! అంత దర్పం.

ఒక ఏడు వానాకాలంలో కోట కింది సాలెవీధిని వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. ఆస్థాన వైద్యుడు త్రిలోచనాచార్యులు ఆ వీధి మొహమైనా చూడకుండా తాళపత్రాలు తిరగేసి, "గ్రహదోషం ప్రభూ! ఇళ్లన్నీ తగలబెట్టించాలి" అన్నాడు. ఇళ్లు ఖాళీ చెయ్యడానికి రాజు మూడు రోజులు గడువిచ్చాడు.

ఈ మాట రాజుగారి స్నానశాల చూసే కొమ్మన్న చెవిన పడింది. అతని అక్క మంగమ్మ ఆ వీధిలోనే మంచం పట్టి ఉంది. పరుగున వెళ్లాడు. చూస్తే ఏముంది! వానలకు గట్టు తెగి, కోట మురుగు కాలువ వీధి బావిలోకి ఊరుతోంది. అక్కకు ఏటి నీళ్లు కాచి తాగించాడు సరే, ఈ మాట రాజుతో అంటే తల ఉంటుందా?

మర్నాడు స్నానానికి వచ్చిన రాజుతో, "ప్రభూ, రోగాల రోజులు. తమంతటివారికి చిటికెడు జవ్వాది ఏం చాలుతుంది? గిన్నెడైనా ఉండొద్దూ?" అన్నాడు. రాజు ఉబ్బిపోయి గిన్నెడూ నీళ్లలో కలిపించుకున్నాడు.

మూడోనాడు నిండు సభలో కొమ్మన్న ఒక కడవ దించాడు. "సాలెవీధి బావి నీళ్లు ప్రభూ. ఒకసారి వాసన చూడండి."

రాజు కళ్లెర్రబడ్డాయి. "నా జవ్వాది! ఎవడురా ఆ దొంగ?"

"ఆచార్యులవారూ, ఆ గ్రంథం కాస్త పక్కన పెట్టి తమరూ వాసన చూడండి" అన్నాడు కొమ్మన్న.

ఆచార్యులు వంగి చూసి నీళ్లు నమిలాడు. "జవ్వాదే ప్రభూ... సందేహం లేదు."

"దొంగలెవరూ లేరు ప్రభూ" అన్నాడు కొమ్మన్న. "నిన్న తమరు స్నానం చేసి వదిలిన నీళ్లే ఇవి. దారిలో గజశాల మురికినీ వెంటబెట్టుకుని బావిలో దిగాయి. ఆ వీధి జనం తాగుతున్నది అదే. జవ్వాది పూసుకు తిరిగినవాణ్ణి వెళ్లగొట్టాలని కదా తమ శాసనం? తిరిగింది తమ మురుగు కాలువ!"

కొమ్మన్న చెయ్యి తనకు తెలియకుండానే మెడ తడుముకుంది.

రాజు పకపకా నవ్వాడు. "అయితే దాన్నే బహిష్కరిస్తున్నాం!" ఇళ్ల జోలికి పోవద్దన్నాడు, కాలువ మళ్లించి కొత్త బావి తవ్వమన్నాడు. తన చేతి కంకణం తీసి కొమ్మన్నకు తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"మా అక్కకు ఏ వాసనా లేని నీళ్లు ఒక్క కడవ, ప్రభూ."

నెల తిరక్కుండానే మంగమ్మ కొత్త బావి నీళ్ల కడవ చంకన పెట్టుకుని, తన కాళ్ల మీద తనే నడిచి సభకు వచ్చింది. రాజుకన్నా ముందు ఆచార్యులే గబగబా వచ్చి కడవలో ముక్కు పెట్టాడు.

"ఏ వాసనా లేదు ప్రభూ!"

అందరూ గొల్లున నవ్వారు. కొమ్మన్న మాత్రం అక్క మొహం చూసుకుని, హమ్మయ్య అనుకుని కళ్లు తుడుచుకున్నాడు.