నీలాలు దాచిన మాట

అనగనగా ఒక ఏరు. ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో పాలమ్ముకుని బతికే నీలాలు అనే ఆవిడ ఉండేది.

ఒక వానాకాలం ఏరు పొంగి ఊరిని ముంచెత్తింది. నీలాలుకు ఈత రాదు. తన గేదె తోకను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, భోరున ఏడుస్తూ గట్టు చేరింది.

వరద తీశాక రాజుగారు వచ్చారు. "ఎలా బయటపడ్డారు?" అని అందరినీ అడిగారు. ఒక భటుడు కత్తి నోట కరిచి ఈదానన్నాడు. ఒక షావుకారు దూలమెక్కి పదిమందిని కాపాడానన్నాడు. నీలాలు వంతు వచ్చింది. 'గేదె తోక పట్టుకుని ఏడ్చానంటే అందరూ నవ్వరూ?' అనుకుంది.

"ఈదుకుంటూ వచ్చాను మహారాజా! వరద తోసేస్తున్నా బెదరలేదు," అంది.

"భేష్!" అన్నారు రాజుగారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆనాటి నుంచి ఎవరడిగినా నీలాలు అదే కథ చెప్పేది. చెప్పినకొద్దీ కథ పెరిగింది. గేదె మాత్రం అందులోకి రాలేదు.

ఒకనాడు పక్కింటి అచ్చమ్మ పాలు పితుకుతూ అడిగింది. "నీలాలూ, నాకు ఈత రాదే. మళ్ళీ వరదొస్తే ఏం చెయ్యాలి? నాకైనా నిజం చెప్పవే."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నీలాలు మింగేసింది.

"గుండె ధైర్యం ఉంటే చాలక్కా. చేతులాడిస్తే నీళ్ళే మోస్తాయి," అంది.

మరుసటి ఏడు ఏరు మళ్ళీ పొంగింది. నీలాలు మళ్ళీ గేదె తోకే పట్టుకుని, ఎవరి కంటా పడకుండా గట్టెక్కింది. అచ్చమ్మ మాత్రం తన గేదె పలుపు విప్పి, "నీ ప్రాణం నువ్వు దక్కించుకో తల్లీ," అని వదిలేసింది. తాను గుండె దిటవు చేసుకుని, నీళ్ళలోకి దిగి చేతులాడించింది.

గేదె గట్టెక్కింది. అచ్చమ్మ ఎక్కలేదు.

ఒంటరిగా వచ్చిన ఆ గేదెను చూసి నీలాలు కూలబడిపోయింది. "ఒక్క మాట చెప్పి ఉంటే..." అని నేలకేసి తల బాదుకుంది.

రాజుగారు మళ్ళీ వచ్చారు. ఎవరూ అడగకముందే నీలాలు లేచి నిలబడింది.

"నాకు ఈత రాదు మహారాజా. రెండుసార్లూ గేదె తోక పట్టుకుని, ఏడుస్తూ బయటపడ్డాను. నవ్వుతారని దాచాను. అచ్చమ్మక్క నా మాట నమ్మి పోయింది."

ఎవరూ నవ్వలేదు. బిడ్డను చంకనెత్తుకున్న ఒక తల్లి ముందుకొచ్చింది.

"తోక ఎక్కడ పట్టుకోవాలమ్మా? మొదట్లోనా, చివరనా?"

నీలాలు దగ్గరుండి చూపించింది. తరువాతి వరదల్లో ఎందరో అలాగే ఒడ్డెక్కి, ఆమెకు దండం పెట్టారు. దండం పెట్టిన ప్రతిసారీ నీలాలు ఏటివైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

మన కథ ఎంత చిన్నదైనా, సిగ్గుపడకుండా, ఉన్నది ఉన్నట్టుగా, వినవలసినవారు బతికి ఉండగానే చెప్పాలి.