తల ఊపిన మనిషి

"మనుషుల గురించి రాసిన పుస్తకాల్లో దేన్ని నమ్మాలి మాస్టారూ?" అని వామనరావు అడిగాడు.

అడిగిన చోటు జూట్ మిల్లు కార్మికుల పఠనాలయం. పేరుకి పఠనాలయం గాని, ఉన్నదల్లా రేకుల కింద రెండు బల్లలూ ఒక బీరువా. తవిటయ్య మాస్టారు ఒకప్పుడు ఆ మిల్లులోనే నేతపని చేసినవాడు. పాత సమ్మెలో ఉద్యోగం పోయి, జైలుకెళ్ళి వచ్చాక, అక్కడ కూర్చుని చదువు రానివాళ్ళకి అక్షరాలు నేర్పేవాడు, వచ్చినవాళ్ళకి పుస్తకాలిచ్చేవాడు. వామనరావు మిల్లు ఆఫీసు గుమాస్తా కొడుకు. పట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి వచ్చి, తండ్రి వద్దన్నా మాస్టారి దగ్గర చేరాడు.

మనిషి నడవడిక మీద దొరికిన పుస్తకాలన్నీ అతను చదివాడు. ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంది. లావుపాటిది ఒకటి, మనిషి బతుకంతా చిన్నతనంలోనే తేలిపోతుందంటుందట. అది చదివితే కన్నతల్లి మీద కోపం రావడం తప్ప ఒరిగేదేమీ లేదన్నాడు. ఇంకొకటి, అందరితో నవ్వుతూ మాట్లాడితే పనులు జరుగుతాయంటుందట. అది కిరాణా కొట్టువాడికి పనికొస్తుందన్నాడు. మూడోదాన్ని మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు. కళ్ళూ, చేతులూ, తలా కదిలే తీరును బట్టి ఎదుటివాడి మనసులో మాట పట్టేయవచ్చని అందులో ఉంది. అందులోని గుర్తుల కింద పెన్సిలు గీతలు కూడా గీసుకున్నాడు.

ఆ పుస్తకాలు నేనూ చదివాను. వాటిలో మనిషి ఎప్పుడూ కుర్చీలో కూర్చుని ఉంటాడు. గంజి కోసం వరసలో నిలబడ్డవాడు ఒక్కదానిలోనూ నాకు కనబడలేదు.

మిల్లు గేటుకి తాళం పడి అప్పటికే నెలలు గడిచాయి. వాదించే ఓపిక ఎవరికీ లేదు, మాస్టారికి అసలే లేదు. "సాయంత్రం సంఘం కమిటీ కూర్చుంటోంది. నువ్వూ రా. ఆ మూడో పుస్తకం కూడా పట్టుకురా" అన్నాడు.

కమిటీ కూర్చున్నది సూరిదేముడి సంగతి తేల్చడానికి. గేటు ముందు బైఠాయింపుకి ఎవరెవరు ముందుండాలో కమిటీ రహస్యంగా అనుకుంది. మర్నాడు పొద్దున్నే పోలీసులు సరిగ్గా వాళ్ళనే ఇళ్ళలోంచి పట్టుకుపోయారు. ఎవరో పేర్లు అందించారు. సూరిదేముడు మగ్గాల షెడ్డు మనిషి, ఆ పేర్లు తెలిసినవాళ్ళలో ఒకడు. అరెస్టులకి ముందురోజు అతను, మేనేజరు చెప్పుచేతల్లో ఉండే మిల్లు డాక్టరు గదిలోంచి వస్తూ కనబడ్డాడు. ఎందుకెళ్ళావంటే నోరు విప్పడు. ద్రోహి అని తేలితే సంఘంలోంచి తీసేస్తారు, సంఘం నడిపే గంజి కేంద్రంలో ఆ ఇంటి గిన్నె ఆగిపోతుంది. ఇంట్లో పిల్లలూ, ముసలితల్లీ.

కమిటీలో అప్పటికి ఒకరినొకరు నమ్మడం మానేశారు. ఎవరు నిలదీసినా పాత కక్ష అంటారు. అందుకని మాస్టారు వామనరావుని చూపించి, ఇతను చదువుకున్నవాడు, ఎవరి మనిషీ కాడు, ఇతన్నే అడగనీయండన్నాడు.

వామనరావు గుర్తులు మరిచిపోకుండా పుస్తకం తెరిచి ముఖానికెదురుగా పట్టుకున్నాడు. దాని పైనుంచి చూస్తూ అడిగాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా అంటే సూరిదేముడు తల ఊపాడు. అక్కడ మేనేజరు మనుషులున్నారా అంటే తల ఊపాడు. అతని చూపు వామనరావు కళ్ళ మీద నిలవడం లేదు, పుస్తకం అట్ట మీదే తిరుగుతోంది. పేర్లు నువ్వే చెప్పావా అని అడిగితే, కాస్త నవ్వి, మళ్ళీ తల ఊపాడు.

ఎవరో పిడికిలితో బల్ల గుద్దారు. ఒప్పేసుకున్నాడు, ఇంకేటి కావాలన్నారొకరు. నవ్వుతున్నాడు సూడండి, సిగ్గు నేదన్నారొకరు. వామనరావు పేజీ చూపించి, చూపు నిలవకపోవడం, సందర్భం లేని నవ్వు, రెండూ ఇందులో ఉన్నాయన్నాడు. చుట్టూ ముఖాలు చూసి సూరిదేముడి నవ్వు ఆరిపోయింది. ఏం జరిగిందో మాత్రం అతనికి తెలియలేదు.

మాస్టారు, "ఒరే వామనా, పుస్తకం దించి అడుగు" అన్నాడు.

వామనరావు దించి, అదే ప్రశ్న అడిగాడు. సూరిదేముడు అతని పెదవుల వంకే చూశాడు. చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డాడు.

"నానా? నానే సెప్పీసుంటే, గిన్నట్టుకుని ఈ గంజికి ఎందుకు నిల్సుంతాను బాబూ?"

మగ్గాల మోతలో ఏళ్ళు గడిపినవాడికి చెవులు మిగలవు. షెడ్డులో పెదవులు చూసే మాట్లాడుకుంటారు. మాట అందకపోతే తల ఊపి సర్దుకుంటారు. కాని నేతవాళ్ళ ఇళ్ళలో చెముడు అన్న మాట ఎవరూ ఎవరినీ అనరు. డాక్టరు కాగితం మీద ఆ మాట పడితే, రేపు మిల్లు తెరిచినా వాడికి మగ్గం ఉండదు. కమిటీలో సగం మంది నేతవాళ్ళే. వామనరావు ప్రశ్న వాళ్ళకీ వినబడలేదు. పక్కవాళ్ళు అరిస్తే తామూ అరిచారు. సూరిదేముడు డాక్టరుని ఏమని బతిమాలుకోవడానికి వెళ్ళాడో వాళ్ళకి ఇప్పుడు అర్థమైంది. పైకి ఎవరూ అనలేదు. బల్ల గుద్దినవాడు బీడీ ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు. సూరిదేముడు దాన్ని వెలిగించకుండానే, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు. గంజి గిన్నె ఆగలేదు. పేర్లు అందించింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

అందరూ పోయాక వామనరావు పుస్తకం బల్ల మీద పెట్టాడు. అయితే ఇందులో ఉన్నదంతా అబద్ధమేనా మాస్టారూ అని అడిగాడు.

మాస్టారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"అది నాకేం తెలుసురా, నేను చదవలేదు. నువ్వు చదువుతున్నంతసేపూ అతనికి నీ ముఖం కనబడలేదు."